మారు వాయనం

జూన్ 12, గురువారం

స్టీలు కంపెనీవాళ్లు మా ఆయన ప్రదీప్ స్టీలు సామాన్ల కొట్టుకి ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి అల్మారాలో పడి ఉంది. వాడని వస్తువు ఇంట్లో ఉంటే నాకు ఒళ్లు మంట. అందుకని రాస్తున్నాను, ఇంకే కారణమూ లేదు.

ఉద్యోగం ఖాయమైంది. హైదరాబాదులో ఒక ఆటల కంపెనీ. ఫోన్లో ఆడే ఆట, పేరు ‘పెరటి తోట’. ఆడడం ఉచితం. ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ ఇంట్లో కూర్చుని తెలుగు చెయ్యాలి. పదకొండేళ్లు గజపతినగరం ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి, చివరికి "పిల్లలెవరూ తెలుగు తీసుకోవడం లేదు మేడమ్" అనిపించుకుని బయటికొచ్చిన దాన్ని. ఇప్పుడు తెలుగు కావాలని ఎవరో జీతమిచ్చి అడుగుతున్నారు. ప్రదీప్ ముందు గొప్పగా నవ్వలేదు గాని, వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను.

పై అధికారి నవీన్. ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఈ ఆటలో ఇరవై మంది ఆడవాళ్లు కలిస్తే ఒక వీధి. పళ్లెంలో పూలూ పళ్లూ పెట్టి ఒకరికొకరు పంపుకోవాలి. దానికి తెలుగులో ఏం పెడదామని అడిగాడు. బహుమతి అంటే బడి వార్షికోత్సవం గుర్తొస్తుంది, కానుక అంటే హుండీ. నేను ‘వాయనం’ అన్నాను. తిరిగి పంపడానికి? ‘మారు వాయనం’ అన్నాను. అలాంటి మాట మా వీధిలో ఎవరూ అనరు. అయినా వినడానికి ఎప్పటి నుంచో ఉన్నట్టే ఉంది.

"పుచ్చుకుంటే తిరిగి ఇవ్వాల్సిందేనా?" అన్నాడు నవీన్.

"పేరంటానికి పిలిచిన వాళ్లని మనమూ పిలవొద్దూ? పుచ్చుకుని ఊరుకుంటే ఏం మర్యాద?"

అతను తలవంచి అది రాసుకోవడం వీడియోలో కనిపించింది. ఎంత సంతోషం వేసిందో!

జూన్ 13, శుక్రవారం

మారు వాయనం. మారు వాయనం. పొద్దుట్నుంచీ ఇదే నాలుక మీద ఆడుతోంది.

జూన్ 17, మంగళవారం

ఆడి చూడడానికి అరవై దాటిన ఆడమనిషి కావాలన్నారు. ఫారం నింపాను. పేరు: భాగ్యవతి. వయసు: అరవై మూడు. మీకు ఏమవుతారు: మామగారి అన్న భార్య, పెద్దత్తయ్య. ఎవరితో ఉంటారు: ఒక్కరే, మా వెనక వాటాలో. భర్త జగన్నాధం గారు పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. ఫారంలో రాస్తే ఒక మనిషి ఎంత చిన్నగా అయిపోతుందో.

ఫోన్లో ఆట ఎక్కించి చేతికిచ్చాను.

"ఏటే ఇది? బంతిపూలు మొలిసినాయి!"

"మీరే నాటారు కదా పెద్దత్తయ్యా."

"నానేటి నాటినాను, ఏలు పెట్టినాను అంతే. ఇంత బేగి మొలిస్తే మరి రైతులు పొలంలో ఎందుకే ఎండలో సావడం?"

నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. ఆవిడ గొంతులో ఆ వేళాకోళం విని చాలా రోజులైంది. జగన్నాధం గారు ఉన్న రోజుల్లో ఈ వీధిలో భాగ్యవతి లేని పేరంటం ఉండేది కాదట. పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ చూశాను. వెండి పళ్లెం, వెండి కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి పట్టుకుని, ఆడ కలెక్టరులా నడిచేవారు. ఇప్పుడు పేరంటాలకి రావడం లేదు. ఆవిడే రారు.

జూన్ 24, మంగళవారం

తెలుగు ఆడవాళ్ల పేర్లు నలభై ఇమ్మన్నారు, ఊళ్లతో సహా. తెర ఖాళీగా ఉండకుండా నమూనాకట. మా పెళ్లి పిలుపుల కాగితం తీసి కూర్చున్నాను. కొత్తవలస సుహాసిని, భోగాపురం దుర్గ, బొబ్బిలి చిన్నతల్లి. ఎవరు ఎలా మాట్లాడతారో, పేరంటానికి ఎలా పిలుస్తారో కూడా ఒక్కో వాక్యం రాయమన్నారు. సుహాసినికి రైల్వే క్వార్టర్స్‌లో ఇల్లిచ్చాను, అందరినీ ‘అక్కా’ అని పిలుస్తుంది. దుర్గ పొద్దున్నే లేస్తుంది. చిన్నతల్లికి కోపం ఎక్కువ గాని మనసు వెన్న.

అన్నం కూడా మరిచిపోయి రాశాను. ఇంత హాయైన పని నా జన్మలో చెయ్యలేదు.

జూలై 3, గురువారం

నవీన్ ఫోన్. పళ్లెం అందుకున్నవాళ్లు బదులు పంపకపోతే వాళ్లకి కనిపించే మాట పొడిగా ఉందట. ‘మీ బహుమతి పెండింగులో ఉంది.’ ఛీ, కరెంటు బిల్లులా. నేను రాసింది: ‘సుహాసిని గారి పళ్లెం మీ గుమ్మంలోనే ఉంది. ఆవిడ ఇంకా ఎదురు చూస్తున్నారు.’

ఒక రోజు దాటితే పళ్లెంలో పూలు వాడిపోతాయి. బదులు పంపడానికి రెండు దార్లు. తోటలో ఆరు వందల పూలు పూయించాలి, దానికి తొమ్మిది రోజులు. లేకపోతే నలభై తొమ్మిది రూపాయలు కట్టాలి. తొమ్మిది రోజుల దారి ఒక రోజులో ఎలా నడుస్తారని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఇష్టమున్నవాళ్లు కొంటారు, లేనివాళ్లు మానేస్తారు. ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు కదా.

ఈ నెల జీతంతో పాటు అదనంగా అయిదు వేలు వేస్తారట, ‘వాయనం’ అన్న మాటకి. ఒక్క మాటకి అయిదు వేలు! మా తెలుగు పండిట్ గారు బతికుంటే చెప్పేదాన్ని.

జూలై 11, శుక్రవారం

పెరట్లో బట్టలారేస్తుంటే పెద్దత్తయ్య కేక. "ఒసే అనూరాధా, ఇటు రా! కొత్తవలస సుహాసిని పళ్లెం పంపినాది. ‘భాగ్యవతి గారూ! అక్కా, మా ఇంటికి రండి, వాయనం పుచ్చుకోండి’ అని రాసినాది సూడు. పేరెట్టి మరీ పిలిసినాది!"

ఫోన్లో కుంకుమ భరిణె మెరుస్తోంది. ‘ఇస్తినమ్మ వాయనం’ అని ఆడగొంతు వినబడింది. ఆవిడ వేలితో నొక్కితే ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంది. ఆవిడ కూడా ఫోనుతో పాటు పెదవులు కదిపారు.

"మరి మీరు బదులు పంపారా?"

"పంపనా మరి? ఏభై రూపాయలకి మొహం సాటేస్తారేటి?"

కొత్తవలసలో సుహాసినులు లేరా ఏమిటి? కావలసినంత మంది ఉంటారు.

జూలై 12, శనివారం

ఉంటారు.

జూలై 25, శుక్రవారం

శ్రావణ మాసం మొదలు. ఆటలో ‘శ్రావణ పేరంటం’ కూడా ఈ రోజే మొదలు. నవీన్ మధ్యాహ్నానికే ఎగిరి గంతేస్తున్నాడు. అన్ని భాషల్లోకీ తెలుగే ముందుందట, అందులోనూ మన జిల్లాలేనట. "మీ మాట మహిమ అనూరాధ గారూ" అన్నాడు. ప్రదీప్‌కి చెప్పాను. "అయితే మన విజయనగరం జిల్లా ఒకదాన్లో ఫస్టొచ్చిందన్నమాట" అని నవ్వారు.

సాయంత్రం అత్తయ్య వరలక్ష్మీ వ్రతానికి పిలుపుల జాబితా చెప్పారు, నేను రాశాను. ఇరవై మూడు మంది. వెనక వాటా అన్న మాట రాలేదు. నేనే కదిపాను.

"ఆవిడ రాదే అమ్మాయ్. పిలిస్తే ఆవిడకే కష్టం. ఎందుకొచ్చిన గొడవ?"

నిజమే. నలుగురిలో ఇబ్బంది పడతారు పాపం. ఆవిడ మంచికే కదా.

జూలై 28, సోమవారం

ప్రదీప్ మధ్యాహ్నం భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుని తినలేదు. మా కొట్టు పక్క వెండి కొట్టు ధనరాజ్ చెప్పాడట. పెద్దత్తయ్య మూడు విడతలుగా వచ్చి వెండి అమ్మేశారట. మొదట పన్నీరు బుడ్డి, తర్వాత గంధం గిన్నె, మొన్న శనివారం పళ్లెం, భరిణె. ‘ఇంట్లో ఏదైనా ఇబ్బందా?’ అని ధనరాజ్ అడిగితే ప్రదీప్‌కి తల తీసేసినట్టయిందట.

"ఆవిడకి కొట్టుగదుల అద్దె వస్తాది కదే. మందులకి మనం సూస్తన్నాం. మరి ఏటి అవసరం వచ్చినాది?"

నాకు తెలుసు. "నేను కనుక్కుంటాను లెండి" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా గొంతు. ఆయన గమనించలేదు.

జూలై 29, మంగళవారం

వెళ్లాను. ఆవిడ ఫోను ముందు కూర్చుని ఉన్నారు. గోడ అల్మారాలో వెండి ఉండే అర ఖాళీ. అందులో మందుల డబ్బా పెట్టుకున్నారు.

"పెద్దత్తయ్యా, వెండి అమ్మేశారట."

"నా ఎండి. నా ఇష్టం."

"కాదనడం లేదు. కాని, ఈ ఆట కోసం..."

"ఆటేటి? పంతొమ్మిది మంది ఆడోళ్లు నన్ను పేరెట్టి పిలుస్తన్నారు. దుర్గ పొద్దున్న ఆరింటికే పంపుతాది. పుచ్చుకుని ఊరుకోమంటావేటి? భాగ్యవతి అలాటి మనిషని ఏనాడైనా ఇన్నావా?" గొంతు పెంచారు. తర్వాత దించారు. "అల్మారాలో నాలుగేళ్లు పడుంది. నన్నెవుడు పిలిసినాడని ఆ భరిణె పట్టుకెళ్తాను? అక్కడ పనికిరానిది ఇక్కడ పనికొచ్చినాది. అంతే."

మరమరాలు పెట్టారు, తిని వచ్చేశాను. అవును, తిని వచ్చేశాను!

జూలై 31, గురువారం

కంపెనీ కొత్త కాగితం పంపింది. ‘న్యాయమైన వాడకం.’ ఆటలో డబ్బు ఖర్చు పెట్టేవాళ్లకి చెప్పాల్సిన నియమాలు. ఆరు పేజీలు. బాధ్యతగా ఖర్చు పెట్టండి, పిల్లల చేతికి ఇవ్వకండి, కొన్నది వెనక్కి తీసుకోం. చకచకా చేసుకుంటూ వచ్చాను. నాలుగో పేజీలో ఆగిపోయాను. వీధిలో సభ్యులు తక్కువైతే ఆ ఖాళీలను కంపెనీయే నింపుతుందట. అలా నింపిన సభ్యులు మనుషులు కారు. వాళ్లూ పళ్లేలు పంపుతారు.

నలభై పేర్లు.

తెలియనట్టు రాస్తున్నానేమిటి ఇక్కడ కూడా? ఈ పుస్తకం ఎవరు చదువుతారని? పదకొండో తారీఖున, కుంకుమ భరిణె చూసినప్పుడే తెలుసు నాకు. ‘అక్కా’ అన్న పిలుపు చూడగానే తెలుసు. నా వాక్యం నేను గుర్తుపట్టనా?

ఆగస్టు 1, శుక్రవారం

పెద్దత్తయ్య నీళ్లకి ముందు వాటాకి వచ్చినప్పుడు ఫోన్ అడిగి తీసుకుని వీధి పేర్లన్నీ చూశాను. పంతొమ్మిదిలో పదిహేడు నావే. మిగతా ఇద్దరూ నెల రోజులుగా ఆట తెరవలేదు. అంటే ఆ వీధిలో ప్రాణమున్న మనిషి ఈవిడ ఒక్కరే.

"బాగుందా మా ఈధి?" అన్నారు.

బాగుందన్నాను.

ఆగస్టు 2, శనివారం

ఈ రోజు చెప్పేస్తాను.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పలేదు. ఆదివారం కదా, ప్రదీప్ ఇంట్లో ఉన్నారు.

ఆగస్టు 4, సోమవారం

నాలుగో పేజీలో వాక్యం నేను సూటిగా రాశాను: ‘మీకు వాయనం పంపేవారిలో కొందరు మనుషులు కారు.’ నవీన్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఇలా రాస్తే భయపడిపోతారండీ. అబద్ధం వద్దు. నిజమే రాయండి, కాని కొంచెం... లీగల్‌గా."

"అంటే అర్థం కాకుండానా?"

"అర్థమయ్యేవాళ్లకి అర్థమయ్యేలా." అతను నవ్వాడు. మంచి కుర్రాడే. వాళ్లమ్మ కూడా ఈ ఆట ఆడుతుందట.

రాశాను: ‘సభ్యత్వ సమతుల్యత నిమిత్తం కొన్ని భాగస్వామ్య స్థానములు వ్యవస్థా నిర్వహణలో ఉండు అవకాశము కలదు.’ పదకొండేళ్లు పిల్లలకి ఇలాంటి వాక్యాలు రాయొద్దని బెత్తం చూపించి చెప్పాను. సరిగ్గా అందుకే ఇంత బాగా రాయగలిగాను. పంపి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ప్రదీప్ కొట్టు ఈ ఏడాది అసలే అంతంతమాత్రం, ఈ జీతం పోతే ఎలా? నాకు మాత్రం వేరే దారేముంది?

ఆగస్టు 5, మంగళవారం

ఆవిడ చెవులకి దుద్దులు లేవు. ‘కడగడానికి తీసినాను’ అన్నారు. నేను అడగనే లేదు.

ఆగస్టు 6, బుధవారం

చెప్పేశాను. అన్నీ రాయాలి. రేపటికి నేను మాటలు మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్న పదకొండు. ఆవిడ చింతపండులో గింజలు తీస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ తీస్తూ మొదలుపెట్టాను. సుహాసిని లేదు, దుర్గ లేదు, చిన్నతల్లి లేదు, అవన్నీ కంపెనీ పెట్టిన బొమ్మలు, పళ్లేలు వాటంతట అవే వస్తాయి అని. ఆవిడ చెయ్యి ఆగలేదు. గింజలు తీస్తూనే ఉన్నారు.

"దుర్గ రోజూ ఆరింటికే, ఒక్క నిమిషం అటూ ఇటూ అవకుండా పంపుతాదంటే నాకూ అనుమానమొచ్చినాది. ఎంత పొద్దున్న లేసే మనిషైనా ఒకనాడు నిద్రోదా?" అన్నారు. "మరి ఆ పేర్లు ఎవులు పెట్టినారు?"

"నేనే."

"ఎవుల్ని సూసి పెట్టినావు?"

"మా పెళ్లి పిలుపుల కాగితం చూసి."

"‘మా ఇంటికి రండి, వాయనం పుచ్చుకోండి’ అని రాసినాది కదా, అది?"

"అదీ నేనే."

"‘భాగ్యవతి గారూ’ అని?"

"పేరు దానంతట అది వస్తుంది. మిగతాది నేను రాశాను."

చింతపండు పక్కకి పెట్టారు. నా మొహంలోకి చూశారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆవిడ కోప్పడలేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టే అడిగారు.

"అయితే నన్ను పిలిసినదానివి నువ్వేనన్నమాట. గోడకవతల ఉండి, హైదరాబాదు మీంచి పిలిసినావేటే?"

ఏడ్చాను. సిగ్గులేకుండా, చింతపండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాను. కళ్లు మండాయి. ఆవిడే లేచి నీళ్లు తెచ్చి ఇచ్చారు.

పెద్దత్తయ్య రారు, పెద్దత్తయ్యే రారు అని నాలుగేళ్లుగా అంటున్నాను. ఒక్కసారైనా పిలిచి చూశానా? పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు.

ఆగస్టు 7, గురువారం

నాలుగో పేజీ మళ్లీ రాసి పంపాను. ‘మీకు వాయనం పంపేవారిలో చాలామంది మనుషులు కారు. వాటికి బదులు ఇవ్వకపోతే ఏ తప్పూ లేదు, ఏ దోషమూ లేదు. ఎవరూ ఎదురు చూడడం లేదు.’ అడుగున ఇంకో మాట కూడా పెట్టాను. వాయనం అన్న మాట తీసెయ్యండి, కావాలంటే ఆ అయిదు వేలూ వెనక్కి తీసుకోండి అని.

గంటలో జవాబు. ఇన్నాళ్లూ చేసిన సేవకి ధన్యవాదాలట, ఈ పని ఇంకొకరికి అప్పగించారట. ‘వాయనం’ అన్న మాట మాత్రం తీయరట, ఉంచుకుంటారట. ఇప్పుడది వాళ్ల సొత్తు.

అత్తయ్యతో చెప్పాను, రేపు వెనక వాటాకి కూడా వాయనం ఇస్తానని. "నీకు మతి గాని పోయిందేటి? మంగళకరమైన రోజు. నీ మొగుడు మీద నీకు జాలి లేదా?" అన్నారు. ప్రదీప్‌ని చూశాను. "నాకు తెలీదు, మీరూ మీరూ సూసుకోండి" అని బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయారు.

ఆగస్టు 8, శుక్రవారం

పూజ అయింది. ఇరవై మూడు మందికి ఇరవై మూడు పొట్లాలు. ఇరవై నాలుగోది నేనే కట్టుకున్నాను. నానబెట్టిన శనగలు, తమలపాకులు, అరటిపళ్లు, రవికెల గుడ్డ, పసుపూ కుంకుమా. పళ్లెంలో పెట్టుకుని పెరటి గుమ్మం దాటాను. వెనక మాటలు ఆగిపోయాయి. ఎవరో ‘అటెక్కడికే’ అన్నారు.

ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు, లోపలికి పోబోయారు.

"ఇస్తినమ్మ వాయనం" అన్నాను. పలకలేదు. "ఇస్తినమ్మ వాయనం." పెరట్లోకి అందరూ వచ్చి నిలబడ్డారు. మూడోసారి అన్నాను. ఆవిడ చెంగు ముందుకు తీసి, పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారు. ఫోన్లో ఆ గొంతు తియ్యగా ఉంటుంది. ఈవిడ గొంతు జీరపోయింది. నాలుగేళ్ల తర్వాత అన్న మాట మరి.

అక్కడితో వచ్చేస్తే సరిపోయేది. తెలివితక్కువదాన్ని, "మీరేం తిరిగి ఇవ్వక్కర్లేదు పెద్దత్తయ్యా" అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది.

"తిరిగి ఇయ్యక్కర్లేనిది వాయనం కాదే. దానం. దానం పుచ్చుకోడానికి నానేటి ముష్టిదాన్నా?" అందరికీ వినబడేలా అన్నారు. "వచ్చే శుక్రవారం నానూ పేరంటం సేస్తన్నాను. నీకు ఇదే పిలుపు. వస్తావా?"

ముండమోసిన ఆడది పేరంటం చెయ్యడమేమిటని వెనకనుంచి ఎవరో గట్టిగానే అన్నారు.

"వస్తాను" అన్నాను. వెంటనే అన్నానని రాయాలని ఉంది. వెంటనే అనలేదు.

ఆగస్టు 11, సోమవారం

అత్తయ్య నాతో మాట్లాడడం లేదు. ప్రదీప్ తింటారు, కొట్టుకి వెళ్తారు. రాత్రి మాత్రం, "ఎళ్తావేటి నిజంగా?" అని అడిగారు. మీరేమంటారు అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆగస్టు 13, బుధవారం

పెద్దత్తయ్య ఇంటింటికీ వెళ్లి పిలిచి వచ్చారు. ఇరవై మూడు గుమ్మాలు. చేతిలో, కుంకుమకని మా కొట్లో కొన్న చిన్న స్టీలు డబ్బా. ప్రదీప్ డబ్బులొద్దంటే కేకలేసి మరీ ఇచ్చారట. ఎవరూ కాదనలేదట, ఎవరూ వస్తామనలేదట.

ఫోన్లో ఆట ఇంకా ఉంది. తీసేద్దామా అంటే, "ఉండనీ. ఆ పువ్వులు నానే నాటినాను కదా. పళ్లేలు మాత్రం కొనను" అన్నారు. గుమ్మంలో పదిహేడు పళ్లేలు వాడిపోయి ఉన్నాయట. చూపించి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ పళ్లేల కింద ‘ఇంకా ఎదురు చూస్తున్నారు’ అని నా వాక్యమే ఉంది.

ఆగస్టు 15, శుక్రవారం

సాయంత్రం అయిదింటికి పేరంటం. నాలుగున్నరకి తల దువ్వుకున్నాను. జడ విప్పి మళ్లీ వేసుకున్నాను. ప్రదీప్ పొద్దున్నే సరుకు కోసం విజయనగరం వెళ్లారు, బండి మీద. మధ్యాహ్నం నుంచీ వాన.

వెనక వాటాలో చాప పరిచి ఉంది. ఇరవై నాలుగు పొట్లాలు వరసగా పెట్టారు. వెళ్లినదాన్ని నేను ఒక్కదాన్నే. అయిదున్నర వరకూ ఇద్దరం గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నాం. ఒకసారి గొడుగు చప్పుడైంది గాని, అది వీధిలోంచి ముందుకు పోయింది.

"సరే, రా" అన్నారు ఆవిడ. నా పాదాలకి పసుపు రాశారు. గంధం పూశారు. స్టీలు డబ్బా మూత తీసి, కుంకుమలో ఉంగరం వేలు ముంచి, నా నుదుటి దగ్గరికి తెచ్చారు.

నేను వెనక్కి జరిగాను.

కొంచెమే. తల మాత్రమే. కావాలని కాదు, దేవుడి మీద ఒట్టు. ఆ ఒక్క క్షణం నాకు ఆవిడ కనబడలేదు. వానలో లారీల మధ్య ప్రదీప్ బండి కనబడింది. అత్తయ్యలో ఉన్నదే నాలోనూ ఉంది. చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, కంపెనీకి ఎదురు చెప్పాను, అయినా ఉంది. ఆవిడ చూశారు. అంత దగ్గర్నుంచి చూడకుండా ఎలా ఉంటారు? వేలు వెనక్కి తీసుకుని, డబ్బా నా వైపు జరిపారు.

"నువ్వే పెట్టుకో తల్లీ. పరవాలేదు."

నా మీద నాకు అసహ్యం వేసింది. డబ్బా ఆవిడ వైపు తోసేశాను. "మీరే పెట్టండి" అని మొహం ముందుకు పెట్టాను. కళ్లు మూసుకున్నాను, భయానికి కూడా. పెట్టారు. పెద్ద బొట్టు, పాతకాలం బొట్టు. "ఇస్తినమ్మ వాయనం" అన్నారు. పుచ్చుకున్నాను.

ఇంట్లోకి రాగానే అత్తయ్య నా నుదురు చూశారు. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట: "వాడు ఇంటికి వచ్చీలోగా కడుక్కో."

కడుక్కోలేదు.

ఇప్పుడు ఏడున్నర. ప్రదీప్ ఆరింటికల్లా వచ్చేస్తానన్నారు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, వానలో జేబులో ఉండి ఉంటుంది. అత్తయ్య వీధి గుమ్మంలో కూర్చున్నారు, నాకు వీపు పెట్టి. రోడ్డు మీద ప్రతి బండి చప్పుడికీ ఇద్దరం లేస్తున్నాం. చెయ్యి దానంతట అదే నుదుటి దాకా వెళ్తోంది. మళ్లీ కిందికి దించుకుంటున్నాను.